ఎస్‌ఎల్‌ఎస్ (సోడియం లారిల్ సల్ఫేట్) వేస్తే మందు త్వరగా కరిగింది, గంట తిరక్కుండా పలుకు కట్టింది. ఎవరికైనా అనుభవం ఉందా?

జీడిమెట్ల_జీవి · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఫార్ములేషన్ ఆర్ అండ్ డీలో ఇది నాకు నాలుగో ఏడు. రెండు వారాలుగా ఒక బ్యాచ్ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

మందు పేరు చెప్పలేను, అర్థం చేసుకోండి. నీళ్ళలో దాదాపు కరగని రకం. ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు, కాబట్టి పీహెచ్ మార్చినా లాభం లేదు. అందుకే హెచ్‌పీఎంసీఏఎస్ అనే పాలిమర్‌తో కలిపి స్ప్రే డ్రై చేసి అమార్ఫస్ పొడి, అంటే స్ఫటికాలు లేని పొడి, చేశాం. ఒక వంతు మందు, మూడు వంతులు పాలిమర్, ఎం గ్రేడు. ఆ పొడిని పీహెచ్ 6.8 ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో వేస్తే నెమ్మదిగానే కరుగుతుంది కానీ, కరిగింది కరిగినట్టు మూడు నాలుగు గంటలు నిలబడుతుంది.

తిప్పలన్నీ టాబ్లెట్ కొట్టాక మొదలయ్యాయి. బిళ్ళ విచ్చుకోదు. జిగురు ముద్దలా పాత్ర అడుగున కూర్చుంటుంది. మా బాస్ చూసి "తడవట్లేదయ్యా, రెండు శాతం ఎస్‌ఎల్‌ఎస్ పడెయ్" అన్నారు. వేశాం. పదిహేను నిమిషాల శాంపిల్ చూసి అందరం టీ తాగొచ్చాం. అరగంటకి అంకె పెరగడం ఆగింది, గంటకి సగానికి పడిపోయింది. పాత్రలోకి టార్చి వేసి చూస్తే సన్నని సూదులు తళుక్కుమంటున్నాయి. ఒక చుక్క తీసి పోలరైజ్డ్ మైక్రోస్కోపు కింద పెడితే దీపావళే.

నా బుర్రకి ఎక్కనిది ఒక్కటే. ఎస్‌ఎల్‌ఎస్ అంటే సబ్బు జాతిదే కదా. సబ్బు కరిగించాలి గానీ, ఇలా స్ఫటికాలు కట్టించడమేంటి?

క్యూసీ_కిట్టు · సోమవారం రాత్రి 11:05

బ్రో, సింపుల్. మీడియంలోనే, అంటే బిళ్ళని కరిగించే ద్రవంలోనే, ఒక శాతం ఎస్‌ఎల్‌ఎస్ పొయ్యి. ఎఫ్‌డీఏ వాళ్ళ డిసల్యూషన్ (కరుగుదల పరీక్ష) పద్ధతుల జాబితా తిరగెయ్, కరగని మందుల్లో చాలావాటికి అదే రాసుంటుంది. వంద శాతం వస్తుంది. రిపోర్ట్ రాసి పడుకో.

జీడిమెట్ల_జీవి · సోమవారం రాత్రి 11:09

రిపోర్ట్‌లో వస్తుంది కిట్టూ. కడుపులో వస్తుందా?

పాకం_పంతులు · మంగళవారం ఉదయం 5:50

నేను ఫార్మా మనిషిని కాను. తణుకులో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి ఫార్మసీ చదువుతోంది, ఈ చర్చ తనే చూపించింది. మీ ప్రశ్న చూడగానే మా ఇంట్లో కాజాలు చేసిన రోజు గుర్తొచ్చింది.

పంచదార పాకం వేడి మీద ఉన్నప్పుడు చాలా చక్కెరని పట్టుకుంటుంది. చల్లారాక అంత పట్టుకునే హక్కు దానికి లేదు, అయినా పట్టుకునే ఉంటుంది. అదే అతిసంతృప్త ద్రావణం. గాజు గ్లాసులో పోస్తే తేటగా, ఏ గొడవా లేనట్టు కనిపిస్తుంది. గిన్నె అంచున ఎండిన పలుకు ఒక్కటి జారి అందులో పడిందా, లేదా ఎవరైనా గరిటెతో అనవసరంగా కలిపారా, మొత్తం పలుకు కట్టి కూర్చుంటుంది. మా ఆవిడ అందుకే పాకంలో నిమ్మకాయ పిండుతుంది. ఆ పులుపు కొంత పంచదారని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విరగ్గొడుతుంది. ఆ పరాయి అణువులు మధ్యలో అడ్డం పడుతుంటే సుక్రోజ్ అణువులకి వరసలో కుదురుకోవడం కష్టమవుతుంది.

మీ పాలిమర్ చేసే పని కూడా ఇంచుమించు ఇలాంటి అడ్డమే అనుకుంటాను. పద్ధతి వేరై ఉండవచ్చు, తెలిసినవాళ్ళు సరిదిద్దండి. పలుకు కట్టకుండా ఆపడం ఒక విద్య, కరిగించడం ఇంకో విద్య. మీరు రెండో విద్య కోసం తెచ్చిన మనిషి మొదటి విద్యని పాడు చేస్తున్నట్టుంది.

ఇండియానా_తెలుగోడు · మంగళవారం ఉదయం 8:15

పంతులుగారికి దణ్ణం. ఆ చివరి వాక్యం నా థీసిస్‌లో పెట్టుకోవాల్సింది.

జీవీ, నేను ఇక్కడ ఇదే రంగంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టు.

మొదట ఒక లెక్క. నీ టాబ్లెట్ బరువెంతో నువ్వు చెప్పలేదు, 600 మిల్లీగ్రాములనుకుందాం. రెండు శాతం అంటే 12 మిల్లీగ్రాముల ఎస్‌ఎల్‌ఎస్. దాన్ని 900 మిల్లీలీటర్లలో వేశావు. మామూలు నీళ్ళలో ఎస్‌ఎల్‌ఎస్ అణువులు గుంపుగా చేరి మిసెల్స్ అనే గోళాలు కట్టాలంటే సుమారు 8 మిల్లీమోలార్ ఉండాలి, అంటే 100 మిల్లీలీటర్లకి దగ్గర దగ్గర 230 మిల్లీగ్రాములు. నీ పాత్రలో 100 మిల్లీలీటర్లకి ఒకటిన్నర మిల్లీగ్రామ్ కూడా లేదు. బఫర్‌లో ఉప్పు ఉంటుంది కాబట్టి ఆ హద్దు ఇంకొంచెం కిందికి దిగుతుంది, ఒప్పుకుంటాను. అయినా నువ్వు ఎన్నో రెట్లు కిందే ఉన్నావు. మిసెల్సే లేవు. మందుని కడుపులో దాచుకుని కరిగించే గోళాలే అక్కడ లేనప్పుడు, ఎస్‌ఎల్‌ఎస్ కరిగించడమనే మాటే లేదు. అది చేస్తున్న పనంతా ఉపరితలాల మీదే. బిళ్ళని తడుపుతోంది. పాలిమర్‌కి అంటుకుంటోంది. మందు కణాల మీదికి పోతోంది.

ఇప్పుడు అసలు సంగతి. స్ఫటికం పుట్టాలంటే ముందు కొన్ని అణువులు గుంపు కట్టి ఒక చిన్న కేంద్రకం కావాలి. ఆ గుంపుకీ నీళ్ళకీ మధ్య ఉపరితల శక్తి అని ఒకటుంటుంది, అదే దానికి అడ్డు గోడ. క్లాసికల్ న్యూక్లియేషన్ సిద్ధాంతంలో ఆ శక్తి ఘనంలో వస్తుంది, అంటే మూడుసార్లు గుణించి. ఘాతాంకం లోపల, పైన. అందుకని అది కాస్త తగ్గినా గోడ బోలెడంత కూలిపోతుంది. ఎస్‌ఎల్‌ఎస్ లాంటి సబ్బు జాతి పదార్థాల్ని సర్ఫాక్టెంట్ అని ఎందుకంటారు? ఉపరితలాల మీద పనిచేస్తాయనే కదా, అక్కడి శక్తిని తగ్గించడమే వాటి పని. నువ్వు బిళ్ళని తడపడానికి తెచ్చిన గుణమే స్ఫటికం పుట్టడానికీ దారి ఇస్తోంది.

రెండోది పాలిమర్ సంగతి. హెచ్‌పీఎంసీఏఎస్ చేసే కాపలా ఏంటంటే, పుడుతున్న స్ఫటికం ముఖం మీద పరుచుకుని కూర్చుంటుంది. కొత్త మందు అణువు వచ్చి అతుక్కోవాల్సిన చోట ముందే తను ఉంటుంది. మన ఆర్‌టీసీ బస్సులో కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసినట్టు. 6.8 పీహెచ్ దగ్గర అందులోని సక్సినేట్ గుంపులకి రుణావేశం వస్తుంది, గొలుసు విప్పారి బాగా పరుచుకుంటుంది, అందుకే ఆ పాలిమర్‌కి అంత పేరు. ఇంతలో ఎస్‌ఎల్‌ఎస్ వచ్చింది. చిన్న అణువు, చురుకైనది, నూనె తోక ఉన్నది. రుమాలు తీసి కింద పడేసి తను కూర్చుంటుంది. కూర్చున్నది స్థిరంగా ఉంటుందా అంటే ఉండదు, లేస్తూ కూర్చుంటూ ఉంటుంది. ఆ సందులో మందు అణువులు వచ్చి చేరుతాయి. పైగా కొంత ఎస్‌ఎల్‌ఎస్ నేరుగా పాలిమర్ గొలుసుకే పూసల్లా అంటుకుంటుంది, మామూలుగా మిసెల్స్ కట్టే గాఢత కంటే చాలా ముందే. పీవీపీ, ఎస్‌ఎల్‌ఎస్ జంట ఈ విషయంలో పాఠ్యపుస్తకాల ఉదాహరణ. అలా పూసలు కట్టిన పాలిమర్‌కి స్ఫటికం మీద మునుపటి ఇష్టం ఉండదు.

మూడోది, కరగని పొడిలోకే నీళ్ళు వేగంగా దూరడం. అమార్ఫస్ మందు నీళ్ళు పీల్చుకుంటే మెత్తబడుతుంది, దాని గాజు దశ ఉష్ణోగ్రత పడిపోతుంది. అణువులకి కదిలే వీలు దొరుకుతుంది. అప్పుడు ద్రావణంలోకి రాకముందే, పొడి లోపలే స్ఫటికాలు మొదలవుతాయి. సెలెకాక్సిబ్ అనే నొప్పి మందు అమార్ఫస్ డిస్పర్షన్ల (మందు, పాలిమర్ కలిపిన పొడుల) మీద సరిగ్గా ఈ గొడవే చూశారు. సర్ఫాక్టెంట్ కలిపితే స్ఫటికీకరణ తొందరపడింది.

నీ విషయంలో ఈ మూడిట్లో ఏది పెద్ద దొంగో ఒక్క టాబ్లెట్ చూసి చెప్పలేం. ప్రయోగం చేయాలి.

క్యూసీ_కిట్టు · మంగళవారం ఉదయం 9:02

అన్నా, మరి ఐవాకాఫ్టర్ అనే మందు? దాని స్ప్రే డ్రైడ్ డిస్పర్షన్‌లో హెచ్‌పీఎంసీఏఎస్‌తో పాటు ఎస్‌ఎల్‌ఎస్ కూడా ఉంది. 2012లో అప్రూవ్ అయింది. అంతకు ముందు ఏడాది వచ్చిన టెలాప్రెవిర్ కూడా అదే కూడిక. వాళ్ళకి లేని పలుకు మన జీవికే ఎందుకు కట్టింది?

ఇండియానా_తెలుగోడు · మంగళవారం ఉదయం 9:20

మంచి ప్రశ్న కిట్టూ, నిజంగానే. ఆ మందులు వేరు. కొన్ని అణువులు స్వతహాగా బద్ధకస్తులు, ఎంత రెచ్చగొట్టినా స్ఫటికం కట్టవు. వాటికి ఎస్‌ఎల్‌ఎస్ వేస్తే లాభమే తప్ప నష్టం లేదు. కొన్ని సెలెకాక్సిబ్ లాంటివి, అవకాశం కోసం కాచుకుని ఉంటాయి. "ఎస్‌ఎల్‌ఎస్ మంచిదా చెడ్డదా" అని అడిగితే జవాబు లేదు. "ఈ మందుకి, ఈ పాలిమర్‌తో, ఈ మోతాదులో" అని అడగాలి.

జీడిమెట్ల_జీవి · మంగళవారం మధ్యాహ్నం 1:30

అన్నా, చాలా థ్యాంక్స్. బిళ్ళ బరువు 620, నీ ఊహ దాదాపు కరెక్టే.

ఇంకో అనుమానం. ఎస్‌ఎల్‌ఎస్ లేని బ్యాచ్‌లో మేము 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో వడగట్టి హెచ్‌పీఎల్‌సీలో (మందు గాఢత కొలిచే యంత్రంలో) పెట్టాం. స్ఫటికం మందు కరిగేదానికి ఇరవై రెట్లు పైనే చూపించింది. ద్రావణం మాత్రం పలచటి మజ్జిగ తేటలా, కొద్దిగా నీలి ఛాయతో మసకగా ఉంది. ఇరవై రెట్లు నిజంగా కరిగే ఉందా?

యూవీ_లక్ష్మి · మంగళవారం మధ్యాహ్నం 2:10

జీవీ, ఆ నీలి మసక చూసి కూడా వడగట్టి నమ్మేశావా!

బకెట్ నీళ్ళలో డెటాల్ పోస్తే ఏమవుతుంది? తెల్లగా పాలలా అవుతుంది. సీసాలో తేటగా ఉన్నది నీళ్ళలో పడగానే సన్నని నూనె చుక్కలుగా విడిపోయింది. నీ పాత్రలో జరిగింది దానికి దగ్గరి చుట్టమే. అమార్ఫస్ మందుకి కూడా ఒక కరుగుదల హద్దు ఉంటుంది, స్ఫటికం హద్దు కంటే ఎక్కువ, కానీ హద్దు హద్దే. ఫెలోడిపిన్ అనే బీపీ మందునే తీసుకో. స్ఫటికం మిల్లీలీటరుకి సుమారు ఒక మైక్రోగ్రామ్ కరిగితే, అమార్ఫస్ రూపం హద్దు సుమారు పది. ఆ పది దాటి పోస్తే మిగతాది నీళ్ళు పీల్చుకున్న మందు చుక్కలుగా విడిపోతుంది. స్ఫటికాలు కావు, ద్రవపు చుక్కలు. కొన్ని వందల నానోమీటర్ల సైజు. నీ 0.45 ఫిల్టర్‌లోంచి హాయిగా దూరిపోతాయి. తర్వాత మొబైల్ ఫేజ్‌లోని, అంటే ఆ యంత్రంలో పారే ద్రవంలోని, ఆర్గానిక్ సాల్వెంట్ వాటిని కరిగించేస్తుంది. హెచ్‌పీఎల్‌సీకి వాటిలో తేడా తెలియదు, అన్నీ కలిపి "కరిగింది" అని చెప్పేస్తుంది.

అబద్ధం అనను. కానీ అది మొత్తం మందు, ఒంటరిగా తిరుగుతున్న అణువులు కావు. పేగు గోడ దాటేది ఒంటరి అణువే. సెల్లోఫేన్ లాంటి పొర పెట్టి అటు పక్కకి మందు ఎంత వేగంగా పోతోందో కొలిస్తే ఇది కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది. అమార్ఫస్ హద్దు దాకా గాఢతతో పాటు వేగమూ పెరుగుతుంది, ఆ తర్వాత నువ్వెంత పోసినా వేగం అక్కడే నిలిచిపోతుంది. చుక్కలు దండగని కాదు, ఒంటరి అణువులు పీల్చుకుపోతుంటే అవి కరిగి భర్తీ చేస్తుంటాయి. నీళ్ళ ట్యాంకు అనుకో.

మిసెల్స్ కథా ఇదే. కిట్టూ, నీ ఒక శాతం సలహాకి ఇదే జవాబు. లెక్క కోసం ఊహించిన అంకెలు చెప్తా. స్ఫటికం 2 కరిగే మందు, పాత్రలో 20 ఉంది. అతిసంతృప్తి పది రెట్లు. అందులో ఎస్‌ఎల్‌ఎస్ బాగా పోసి స్ఫటికం కరుగుదలనే 20కి పెంచావు. ఇప్పుడు పాత్రలో 20 ఉంటే అతిసంతృప్తి ఒక రెట్టు, అంటే లేనే లేదు. కాగితం మీద రెండు చోట్లా 20. ఒక చోట మందు పేగులోకి దూకడానికి సిద్ధంగా ఉంది, రెండో చోట మిసెల్ లోపల దుప్పటి కప్పుకుని పడుకుంది.

క్యూసీ_కిట్టు · మంగళవారం మధ్యాహ్నం 2:25

దుప్పటి 😂 సరే అక్కా, ఒప్పుకున్నా. కానీ నా పని బ్యాచ్ పాసా ఫెయిలా చెప్పడం. రోజూ బ్యాచ్‌లు ఒకేలా వస్తున్నాయో లేదో చూడటానికి ఒక శాతం మీడియం బాగానే పనికొస్తుంది.

యూవీ_లక్ష్మి · మంగళవారం మధ్యాహ్నం 2:31

దానికి పనికొస్తుంది, కాదనను. జీవి ప్రశ్న అది కాదు.

అన్నట్టు ఇంకొకటి. జీవీ, నీ ఫాస్ఫేట్ బఫర్ సోడియందా, పొటాషియందా?

ఎందుకడుగుతున్నానంటే, నా మొదటి ఉద్యోగంలో ఒకసారి పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్‌తో చేసిన బఫర్‌లో ఒక శాతం ఎస్‌ఎల్‌ఎస్ కలిపాను. డిసెంబరు, ఏసీ గది. బీకరులో మంచు కురిసినట్టు తెల్లగా దిగింది. నా మందే పడిపోయిందని రెండు రోజులు తల పట్టుకున్నాను. మందు అసలు వెయ్యనే లేదని మూడో రోజు గుర్తొచ్చింది! పొటాషియం లారిల్ సల్ఫేట్ చల్లటి నీళ్ళలో సరిగా కరగదు. సోడియం ఉప్పు అయితే బాగానే కరుగుతుంది. అప్పట్నించి ఎస్‌ఎల్‌ఎస్ ఉన్న చోట పొటాషియం సీసా నా బెంచీ మీద ఉండదు.

జీడిమెట్ల_జీవి · మంగళవారం మధ్యాహ్నం 2:50

అక్కా... మాది పొటాషియమే.

అంటే ఆ సూదులు నా మందు కాదా? రెండు వారాలు సబ్బు స్ఫటికాలు చూసి ఏడ్చానా?

యూవీ_లక్ష్మి · మంగళవారం మధ్యాహ్నం 2:58

ఏడవకు. నీ ఎస్‌ఎల్‌ఎస్ 12 మిల్లీగ్రాములే, పైగా 37 డిగ్రీలు. అంత తక్కువకి దిగకపోవచ్చు. అయినా మందు మొత్తం సగానికి పడిందన్నావుగా, సబ్బు దిగితే మందు అంకె పడదు. ఊహలెందుకు, మందు లేని ప్లాసిబో బిళ్ళ వేసి అదే బఫర్‌లో గంట తిప్పు. సూదులొస్తే సబ్బు, రాకపోతే మందు. ఆ అడుగున దిగినదాన్ని ఎక్స్‌ఆర్‌డీకి (స్ఫటికాల్ని గుర్తించే ఎక్స్-రే పరీక్షకి) కూడా పంపు.

మోడరేటర్ · మంగళవారం సాయంత్రం 5:00

కాజాల రెసిపీ అడిగిన ఇద్దరి పోస్టులు వంటల విభాగానికి మార్చాం. పంతులుగారు అక్కడ జవాబిచ్చారు.

పాత_ప్లాంట్_మనిషి · మంగళవారం రాత్రి 9:15

పిల్లలూ, ఎస్‌ఎల్‌ఎస్‌ని మరీ దోషిగా నిలబెట్టేశారు. సర్ఫాక్టెంట్‌లన్నీ ఒకటి కాదు. పరవాడ వైపు చాలా ఏళ్ళు పనిచేశాను, ఒక కథ చెప్తాను.

రిటోనావిర్ 1996లో మార్కెట్‌కి వచ్చింది. క్యాప్సూల్ లోపల ఆల్కహాల్ కలిసిన ద్రావణం. 1998లో ఒక్కసారిగా కొత్త స్ఫటిక రూపం తేలింది, ఫారం 2 అన్నారు. పాతదానికంటే చాలా తక్కువ కరిగే రకం. అంతవరకు ద్రావణం బాగానే ఉందనుకున్నది, కొత్త రూపం లెక్కలో అతిసంతృప్తమని తేలింది. పంతులుగారి గిన్నె అంచు పలుకు అదే. క్యాప్సూల్స్ ఆపేయాల్సి వచ్చింది, హెచ్‌ఐవీ రోగులు చేదు సిరప్ తాగాల్సి వచ్చింది. తర్వాత వచ్చిన సాఫ్ట్ జెల్ క్యాప్సూల్స్ ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ లేని ఇళ్ళలో ఏం చేస్తారు చెప్పండి.

2005లో లోపినావిర్, రిటోనావిర్ కలిపిన కలెట్రా టాబ్లెట్‌గా వచ్చింది. కోపొవిడోన్ అనే పాలిమర్‌లో రెండు మందుల్నీ కరిగించి, వేడి ఎక్స్‌ట్రూడర్‌లోంచి తీశారు. అందులో పాలిమర్‌తో పాటు ఇంకేముందో తెలుసా? సార్బిటాన్ మోనోలారేట్, అదీ సర్ఫాక్టెంటే. అక్కడ అది స్నేహితుడే. రోజుకి ఆరు క్యాప్సూల్స్ నాలుగు బిళ్ళలయ్యాయి, ఫ్రిజ్ అక్కర్లేదు, తిని వేసుకున్నా తినకుండా వేసుకున్నా పరవాలేదు. తర్వాత ఆ టాబ్లెట్ జెనరిక్ రూపంలో ఆఫ్రికాకి వెళ్ళిన దాంట్లో హైదరాబాద్ కంపెనీల చేయి చిన్నది కాదు. ఆ మాట చెప్పుకోవడం నాకిష్టం, ఏమనుకోకండి.

సార్బిటాన్ మోనోలారేట్‌కి ఆవేశం లేదు, నూనె స్వభావం ఎక్కువ, పాలిమర్ కరుగులో మందుతో కలిసిపోయి ఉంటుంది. నీళ్ళలో పడగానే పాలిమర్‌తో కలిసి సన్నని మందు చుక్కలు ఏర్పడటానికి సాయం చేస్తుంది. విడిగా టాబ్లెట్ పొడిలో చల్లిన ఎస్‌ఎల్‌ఎస్ పని అలా ఉండదు. ఏది వేశాం అన్నదే కాదు, ఎక్కడ వేశాం అన్నది కూడా లెక్కే.

బెజవాడ_కౌంటర్ · బుధవారం ఉదయం 7:40

నేను మెడికల్ షాపు ఫార్మసిస్టుని. మీ చర్చ సగం అర్థమైంది, సగం కాలేదు. ఒక డౌటు. తామరకి ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ చీటీలు రోజూ వస్తాయి. అదే చీటీలో గ్యాస్ బిళ్ళ కూడా ఉంటుంది, పాంటాప్రజోల్. రెండూ కలిపి వాడితే పనిచేయదని ఎక్కడో చదివాను. ఇదీ మీరు చెప్పే సంగతేనా?

ఇండియానా_తెలుగోడు · బుధవారం ఉదయం 8:30

సరిగ్గా ఇదే అన్నా. ఇట్రాకొనజోల్ బలహీనమైన క్షారం. మామూలు పీహెచ్ దగ్గర దాని కరుగుదల మిల్లీలీటరుకి నానోగ్రాముల్లో ఉంటుంది. అసలు క్యాప్సూల్‌లో చిన్న పంచదార గుళికల మీద మందునీ హెచ్‌పీఎంసీ అనే పాలిమర్‌నీ కలిపి పూత పూస్తారు. పొట్టలోని ఆమ్లంలో ఆ పూత కరుగుతుంది, అక్కడ మందు గాఢత బాగా పెరుగుతుంది. పేగులోకి జారగానే ఆమ్లం పోతుంది, ఒక్కసారిగా అతిసంతృప్తం. అక్కడ హెచ్‌పీఎంసీ కాసేపు కాపు కాస్తే మందు ఒంటికి పడుతుంది.

గ్యాస్ బిళ్ళ పొట్టలో ఆమ్లమే తగ్గించేసింది. మొదటి మెట్టే లేదు. అందుకే ఆ క్యాప్సూల్ కడుపు నిండా తిని వేసుకోమంటారు. ఆమ్లం తక్కువున్నవాళ్ళు డైట్ కాని కోలాతో వేసుకోవచ్చని దాని లేబుల్లోనే ఉంటుంది, కోలాలోని ఆమ్లం కోసం. రెండూ ఒకే చీటీలో చూస్తే రాసిన డాక్టరుకి ఒక ఫోన్ కొట్టడం మంచిది, మీ అంతట మీరు మార్చకండి.

బెజవాడ_కౌంటర్ · బుధవారం ఉదయం 8:44

అర్థమైంది సార్. కోలా మాట చెబితే మా కస్టమర్లు చాలా సంతోషిస్తారు 🙂

మొహాలీ_మేఘన · బుధవారం ఉదయం 10:05

పొట్ట, పేగు మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఎస్‌ఎల్‌ఎస్ వేసినా వేయకపోయినా మన పేగులో సర్ఫాక్టెంట్ ముందే ఉంది, పైత్య లవణాలు. ఖాళీ కడుపు పేగుని పోలిన ఫాసిఫ్ ద్రవంలో పీహెచ్ 6.5, టారోకోలేట్ అనే పైత్య లవణం 3 మిల్లీమోలార్, లెసిథిన్ 0.75. తిన్న తర్వాతి ఫెసిఫ్‌లో పీహెచ్ 5, ఆ రెండూ 15, 3.75. జీవిగారు ఖాళీ బఫర్‌లో చేసిన పరీక్ష పేగుకి చాలా దూరం.

తమాషా ఏంటంటే పైత్య లవణాలు ఎస్‌ఎల్‌ఎస్ లాగా చేయవు. ఎస్‌ఎల్‌ఎస్‌కి తల ఒకటి, తోక ఒకటి. పైత్య లవణం చదునైన పలక, ఒక ముఖం నీటికి, ఒక ముఖం నూనెకి. చాలా మందుల్లో టారోకోలేట్ స్ఫటికం పుట్టడాన్ని తొందర పెట్టదు, ఆలస్యం చేస్తుంది. అందుకే బఫర్‌లో ఓడిపోయిన ఫార్ములా ఫాసిఫ్‌లో నిలబడటం, అక్కడ గెలిచింది ఇక్కడ ఓడటం రెండూ చూశాను. జీవిగారూ, రెండు బిళ్ళలూ ఫాసిఫ్‌లో తిప్పి చూడండి. ఖరీదే, కానీ ఒక్కసారి చాలు.

ఇంకో మాట. గాఢత చివ్వున లేచి నెమ్మదిగా దిగే ఈ గ్రాఫుని స్ప్రింగ్, ప్యారాచూట్ అంటారు కదా. అమార్ఫస్ మందుల్నీ కోక్రిస్టల్స్‌నీ (రెండు పదార్థాలు కలిసి కట్టిన స్ఫటికాల్నీ) ఈ చూపుతో పోల్చిన 2011 సమీక్షా వ్యాసం మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ నంగియా గారి బృందానిదే. అది చదివే నేను ఈ రంగంలోకి వచ్చాను. జీవిగారి పాత బిళ్ళకి ప్యారాచూట్ ఉంది, స్ప్రింగ్ లేదు. కొత్త బిళ్ళకి స్ప్రింగ్ వచ్చింది, ప్యారాచూట్ చిరిగింది.

జీడిమెట్ల_జీవి · బుధవారం సాయంత్రం 6:20

మేఘనగారూ, ఆ చివరి రెండు వాక్యాలు రేపు బాస్‌కి నా మాటల్లా చెప్పేస్తాను, క్షమించాలి.

ప్లాసిబో తిప్పాను. గంట, రెండు గంటలు, ఏమీ లేదు, అద్దంలా ఉంది. సూదులు నా మందే. అయినా బఫర్ సోడియంకి మార్చాను.

ఇప్పుడు ఏ సర్ఫాక్టెంట్ ఎంత చెడగొడుతుందో చూడాలనుకుంటున్నా. టాబ్లెట్లు కొట్టకుండా చిన్న పద్ధతి ఏదైనా ఉందా? నాకు మిగిలిన పొడి ముప్పై గ్రాములే.

ఇండియానా_తెలుగోడు · బుధవారం రాత్రి 8:50

ఉంది. పొడి కూడా అక్కర్లేదు. మందుని కొంచెం మిథనాల్లో లేదా డీఎంఎస్‌ఓలో కరిగించి, పాలిమర్ ముందే కరిగిన బఫర్‌లోకి పిపెట్‌తో వెయ్యి. గాఢత అమార్ఫస్ హద్దుకి కొంచెం కిందే ఉంచు, లేకపోతే లక్ష్మక్క చెప్పిన చుక్కలు వచ్చి గందరగోళం చేస్తాయి. యూవీలో మందు పీల్చుకోని తరంగదైర్ఘ్యం ఒకటి పెట్టి చూస్తూ ఉండు. ద్రావణం తేటగా ఉన్నంతసేపు అక్కడ గీత నేల మీదే పాకుతుంది. స్ఫటికం పుట్టగానే వెలుతురు చెదిరి గీత లేస్తుంది. వేసిన క్షణం నుంచి గీత లేచిన క్షణం దాకా ఎంతసేపో రాసుకో.

ఒక్కో సర్ఫాక్టెంట్‌తో కనీసం మూడుసార్లు చెయ్యి, న్యూక్లియేషన్ జూదం లాంటిది, ఒక్క అంకె నమ్మకు. అయస్కాంతం గుండు బీకరు అడుగున గీరుకోకుండా చూడు, అది కూడా పంతులుగారి గరిటే.

ఒకవేళ నీ తర్వాతి మందు క్షారమైతే ఎస్‌ఎల్‌ఎస్‌తో ఇంకో తంటా ఉంటుంది. ఆమ్లంలో ధనావేశం ఉన్న మందు, రుణావేశం ఉన్న లారిల్ సల్ఫేట్ జత కట్టి కరగని ఉప్పుగా దిగిపోతాయి. ఎరిత్రోమైసిన్ ఎస్టొలేట్ కావాలని చేసిన అలాంటి లారిల్ సల్ఫేట్ ఉప్పే.

జీడిమెట్ల_జీవి · తర్వాతి మంగళవారం రాత్రి 9:35

ఆలస్యానికి సారీ. మధ్యలో ఆడిట్.

హెచ్‌పీఎంసీఏఎస్ ఉన్న బఫర్‌లో నాలుగు రకాలు చూశాను. సర్ఫాక్టెంట్ లేకుండా, ఎస్‌ఎల్‌ఎస్, ట్వీన్ 80, పోలాక్సమర్ 188. సర్ఫాక్టెంట్ లేనిది సాయంత్రం ఇంటికి వెళ్ళేదాకా గీత లేవలేదు. ఎస్‌ఎల్‌ఎస్ ఉన్నది నేను కాఫీ కలుపుకుని వచ్చేలోపే లేచిపోయింది, మూడుసార్లూ. ట్వీన్ అంతకంటే నయం, కానీ భోజనం దాకా ఆగలేదు. పోలాక్సమర్ దాదాపు ఏమీ చెడగొట్టలేదు. మా మందు సంగతి మాత్రమే ఇది, ఇంకెవరూ దీన్ని పట్టుకుని బ్యాచ్ కొట్టకండి.

ఫాసిఫ్‌లో కూడా తిప్పాం. ఎస్‌ఎల్‌ఎస్ బిళ్ళ అక్కడ కొంచెం ఎక్కువసేపే నిలిచింది, అయినా చివరికి పడింది. ఎస్‌ఎల్‌ఎస్ లేనిది పడలేదు.

అసలు తడవడం సమస్య ఎలా తీరిందంటే, సిగ్గుగా ఉంది చెప్పడానికి. బిళ్ళ మరీ గట్టిగా కొడుతున్నాం. కంప్రెషన్ ఫోర్స్ తగ్గించి, బిళ్ళని విడగొట్టే క్రాస్‌పొవిడోన్ పెంచి, సగం గ్రాన్యూల్ లోపల సగం బయట వేశాం. బిళ్ళ ఐదు నిమిషాల్లో విడిపోతోంది. సర్ఫాక్టెంటే లేదు. బాస్ మొదట నమ్మలేదు. పాత్ర దగ్గరికి తీసుకెళ్ళి టార్చి వేసి చూపించాను. కాసేపు చూసి "సరే, స్టెబిలిటీకి పెట్టు" అన్నారు.

పాకం_పంతులు · బుధవారం ఉదయం 5:45

శుభం. ఆ నిల్వ పరీక్షకి 40 డిగ్రీలు, 75 శాతం తేమలో పెడతారు కదా, ఆ తేమ గురించే నాకు బెంగ. అమార్ఫస్ పొడి నీళ్ళు పీల్చుకుంటే మెత్తబడుతుందని పైన రాశారుగా. మూడు నెలల శాంపిల్ ఎక్స్‌ఆర్‌డీ వచ్చాక ఇక్కడ రాయండి.

యూవీ_లక్ష్మి · బుధవారం ఉదయం 9:10

సిలికా జెల్ పొట్లం వేసి సీసా బిగించమను జీవీ. ఆ పాత పొటాషియం బఫర్ క్యాన్ మీద లేబుల్ చింపేసి పారబోశావా, లేక ఇంకా అదే ర్యాక్‌లో ఉందా?

జీడిమెట్ల_జీవి · బుధవారం ఉదయం 9:14

ర్యాక్‌లోనే ఉందక్కా. ఇప్పుడే వెళ్తున్నా.